విశాఖలోనే ఉంటూ మార్కెటింగ్ మేనేజరుగా రిమోట్ ఉద్యోగం సంపాదించడం ఎలా?

ప్రశ్న: సీతమ్మధార వాసి

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక రియల్ ఎస్టేట్ సంస్థలో మార్కెటింగ్ మేనేజరుగా పనిచేస్తున్నాను. అంతకు ముందు హైదరాబాదులో ఒక ప్రకటనల ఏజెన్సీలో ఉండేదాన్ని. రెండూ కలిపితే ఈ రంగంలో పదేళ్లు దాటింది. ఆనందపురం నుంచి భోగాపురం దాకా ఉన్న మా లేఅవుట్లకు హోర్డింగులు, పత్రికా ప్రకటనలు, ప్రాపర్టీ ఎక్స్‌పోల్లో స్టాళ్లు, ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలు, విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం ప్రత్యేక ప్రచారం, అన్నీ నా చేతి మీదుగానే నడుస్తాయి. నా కింద నలుగురు ఉన్నారు.

మా అత్తగారి వైద్యం ఇక్కడే జరుగుతున్నందున ఊరు మారే వీలు లేదు. ఈ స్థాయికి వచ్చాక స్థానిక సంస్థల్లో జీతం పెరిగే అవకాశమూ పెద్దగా కనబడడం లేదు. అందుకని కొన్ని నెలలుగా లింక్డ్‌ఇన్‌లోనూ నౌకరీలోనూ ‘రిమోట్’ అని కనిపించిన మార్కెటింగ్ మేనేజర్ ఉద్యోగాలన్నింటికీ దరఖాస్తు చేస్తున్నాను. చాలావాటికి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేసినవాళ్లలో కొందరు పది నిమిషాలు మాట్లాడాక, వారానికి మూడు రోజులు బెంగళూరు ఆఫీసుకు రావాలని నెమ్మదిగా బయటపెడుతున్నారు.

నా రెజ్యూమేలో లోపమా, వెతుకుతున్న చోటులో లోపమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. విదేశీ కంపెనీ నేరుగా తీసుకుంటే కాంట్రాక్టులోనూ పన్నుల్లోనూ ఏవేం చూసుకోవాలో కూడా తెలిసినవారు చెప్పగలరు. ఇంకొక మాట. నిన్న టెలిగ్రామ్‌లో ఒకరు ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ పంపించి, లాప్‌టాప్ కోసం తిరిగి ఇచ్చే డిపాజిట్ కట్టమన్నారు. అది మోసమేనని అనుకుంటున్నాను గానీ, లెటర్ మీద పెద్ద కంపెనీ లోగో ఉండడంతో ఒకసారి అడుగుతున్నాను.

జవాబు: మురళీనగర్ నుంచి

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు. అది మోసమే. ఉద్యోగం ఇచ్చే సంస్థ డిపాజిట్ అడగదు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులోని కెరీర్స్ పేజీలో ఆ ఖాళీ ఉందో లేదో, మెయిల్ ఆ కంపెనీ డొమైన్ నుంచే వచ్చిందో లేదో చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బు కట్టేసినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇక అసలు విషయం. నేను మురళీనగర్‌లో ఇంటి నుంచే సింగపూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మార్కెటింగ్ విభాగం చూస్తున్నాను. మా బృందంలోకి మనుషులను తీసుకునే పని కూడా నాదే. ఆ అనుభవంతో చెబుతున్నాను, కాస్త కఠినంగా ఉంటే ఏమీ అనుకోకండి.

మీరు మీ పనిని ఏ వరుసలో చెప్పారో ఒకసారి చూసుకోండి. హోర్డింగులు మొదట, ఎన్నారైల ప్రచారం చివర. రెజ్యూమేలోనూ ఇదే వరుస ఉండి ఉంటే, దాన్ని తెరిచిన బెంగళూరు రిక్రూటరు మొదటి మూడు పంక్తులు చదివి ‘లోకల్ రియల్ ఎస్టేట్’ అనుకుని పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో మీ అనుభవంలో అన్నింటికన్నా విలువైనది ఆ చివరిదే. డల్లాస్‌లో కూర్చున్న మనిషి ఎన్నడూ చూడని స్థలాన్ని, ఎన్నడూ కలవని మీ మాట మీద కొనడానికి ముందుకు వస్తున్నాడంటే, దాని వెనుక వెబినార్లు, వీడియోలు, వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతులూ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరూ వివరించే పత్రాలు, అక్కడి వేళకు సరిపడేలా జరిపిన ఫాలో అప్ ఇవన్నీ ఉండి ఉండాలి. రిమోట్ ఉద్యోగంలో కంపెనీ మిమ్మల్ని అడిగేది అచ్చం అదే: కంటికి కనబడకుండా నమ్మకం కలిగించగలరా, కలిగించినట్లు లెక్క చూపగలరా అని. మీరు ఆ పని ఇప్పటికే చేస్తున్నారు, కానీ దాన్ని అట్టడుగున పెట్టారు.

రెండవది, ‘చూశాను, నడిపాను, నిర్వహించాను’ అన్న మాటలతో రెజ్యూమే నింపకండి. మేనేజరు స్థాయిలో నేను వెతికేది నిర్ణయాలను. ఏ ఖర్చు ఆపారు, ఎందుకు ఆపారు, ఆపాక ఏమైంది? బడ్జెట్ సగానికి తగ్గితే దేన్ని ఉంచుతారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికే రెజ్యూమేలు చాలా తక్కువగా వస్తాయి. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడెమీ సర్టిఫికెట్ల జాబితా పెడతారు. అవి ఉచితంగా దొరుకుతాయి, నేర్చుకోవడానికి మంచివే, కానీ మేనేజరు పోస్టుకు అవి బరువు తీసుకురావు.

వెతికే చోటు సంగతి. లింక్డ్‌ఇన్‌లో ‘రిమోట్’ అని ఉన్నంత మాత్రాన ఎక్కడి నుంచైనా చేయవచ్చని కాదు. ‘రిమోట్, అమెరికా’ అని ఉంటే అమెరికాలో పనిచేసే హక్కు ఉన్నవారికే అని అర్థం. వాటికి దరఖాస్తు చేయడం శుద్ధ దండగ. ప్రదేశం దగ్గర ‘ఇండియా’ పెట్టి, దానిపైన రిమోట్ ఫిల్టర్ వేయండి. వీ వర్క్ రిమోట్‌లీ, వెల్‌ఫౌండ్ లాంటి సైట్లలో మాత్రం ప్రకటన అడుగు దాకా చదవాలి, ‘ఏ దేశం నుంచైనా’ అన్న మాటో, ఆసియా వేళల్లో పనిచేయగలవారు కావాలన్న మాటో ఉంటేనే ముందుకు వెళ్లాలి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ‘ఓపెన్ టు వర్క్’ గుర్తు పెట్టేటప్పుడు రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోండి. అలా పెట్టినా మీ ప్రస్తుత సంస్థవారికి తెలియదన్న పూర్తి హామీని లింక్డ్‌ఇన్ ఇవ్వదు. ఫోన్ వచ్చిన మొదటి నిమిషంలోనే ‘ఈ ఉద్యోగం పూర్తిగా రిమోటా, ఆఫర్ లెటర్లో పని ప్రదేశం విశాఖపట్నం అని రాస్తారా’ అని అడిగేయండి. మొహమాటపడితే ఇద్దరి సమయమూ వృథా.

వందలాది మందితో పాటు ‘ఈజీ అప్లై’ నొక్కడం కన్నా, మీ పాత ఏజెన్సీ సహోద్యోగులు ఇప్పుడు ఏయే కంపెనీల్లో ఉన్నారో చూసి, వారిని నేరుగా అడగడం మేలు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. అయితే ‘ఏదైనా ఉంటే చూడు’ అని కాకుండా, ఫలానా పోస్టు, ఫలానా లింకు, నేను ఎందుకు సరిపోతానో నాలుగు వాక్యాలు, ఇలా రాసి పంపితే వారు దాన్ని యథాతథంగా తమ మేనేజరుకు పంపగలుగుతారు.

జవాబు: లెక్కల మనిషి

పన్నులూ కాంట్రాక్టూ అడిగారు కాబట్టి ఆ ఒక్క భాగం చెబుతాను. వృత్తిరీత్యా ద్వారకానగర్‌లో ఇవే దస్త్రాలు చూస్తుంటాను.

విదేశీ కంపెనీ మిమ్మల్ని మూడు రకాలుగా తీసుకోవచ్చు. వారికి ఇండియాలో సొంత కంపెనీ ఉంటే దాని ఉద్యోగిగా తీసుకుంటారు. లేకపోతే ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ అనే మధ్య సంస్థ ద్వారా తీసుకుంటారు. అప్పుడు కాగితం మీద మీ యజమాని ఆ మధ్య సంస్థే. ఈ రెండింటిలోనూ పీఎఫ్, టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) వంటివి మామూలు ఉద్యోగంలో లాగే నడుస్తాయి. మూడవది, ఎక్కువ మందికి ఎదురయ్యేది, కాంట్రాక్టర్‌గా తీసుకోవడం. అక్కడ మీరు ఉద్యోగి కాదు, సేవ అమ్ముకునే వ్యక్తి. పీఎఫ్ ఉండదు, జీతంతో కూడిన సెలవు కాంట్రాక్టులో రాస్తేనే ఉంటుంది, ఆరోగ్య బీమా మీరే కొనుక్కోవాలి. మీ ఇంట్లో వైద్యం నడుస్తోందని రాశారు గనుక ఈ చివరి అంశం మీకు చాలా ముఖ్యం. ప్రస్తుత కంపెనీ గ్రూప్ పాలసీలో అత్తగారి పేరు ఉంటే, రాజీనామాతో అది పోతుంది. కొత్తగా విడి పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే కొంతకాలం బీమా వర్తించని గడువు, ఉంటుంది. రాజీనామాకు ముందే ఈ సంగతి బీమా కంపెనీతో మాట్లాడుకోండి.

కాంట్రాక్టర్‌గా వెళితే విదేశీ క్లయింటు సాధారణంగా ఇక్కడి టీడీఎస్ కోయరు కాబట్టి, అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే ఆదాయపు పన్ను, మీరే కట్టాలి. వాయిదాలు జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. చేతికి వచ్చిన మొత్తమంతా జీతమే అనుకుని ఖర్చు పెట్టేసి, మార్చిలో వడ్డీతో సహా కట్టేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. సేవల ద్వారా ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విదేశీ క్లయింటు నుంచి విదేశీ మారకంలో డబ్బు అందే సేవ, మిగతా షరతులు కూడా కుదిరితే, ఎగుమతి కిందకు వస్తుంది. దానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే జీఎస్‌టీ కట్టకుండా ఇన్‌వాయిస్ ఇవ్వవచ్చు. ఆ ఎల్‌యూటీని ప్రతి ఆర్థిక సంవత్సరానికి కొత్తగా వేయాలి. బ్యాంకు నుంచి ప్రతి చెల్లింపుకూ విదేశీ చెల్లింపు ధ్రువపత్రం తీసుకుని దాచుకోవడం అలవాటు చేసుకోండి.

అందువల్ల ‘మీకు ఎంత కావాలి’ అని అడిగినప్పుడు, ఉద్యోగి జీతాన్నీ కాంట్రాక్టరు రుసుమునూ ఒకే అంకెగా చెప్పకండి. పీఎఫ్‌లో యజమాని వాటా, బీమా, సెలవులు, లాప్‌టాప్, నెట్, ఆడిటరు ఫీజు అన్నీ కూడుకున్నాకే అంకె చెప్పాలి.

కాంట్రాక్టులో నోటీసు గడువు ఇరువైపులా ఒకేలా ఉందో లేదో చూడండి. మీరు 60 రోజులు ఇవ్వాలి, వారు మాత్రం 7 రోజుల్లో తీసేయవచ్చు అన్న షరతులు కూడా నా చేతికి వచ్చాయి. కాంట్రాక్టు ముగిశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న నిబంధన చూసి భయపడనక్కర లేదు, భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం అలాంటివి సాధారణంగా చెల్లవు. కానీ ఒప్పందం ఏ దేశ చట్టం కింద ఉందో కూడా చదవాలి. ఉద్యోగంలో ఉండగా మరో చోట పనిచేయకూడదన్న షరతు మాత్రం చెల్లుతుంది, కాబట్టి ఇప్పటి ఉద్యోగం వదలకుండా రెండు పడవల మీద కాళ్లు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

జవాబు: పెందుర్తి

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే గానీ, విదేశీ కంపెనీల వెంటే పడాలన్న ధోరణితో నేను ఏకీభవించను. మార్కెటింగ్ అనేది కోడ్ రాయడం లాంటిది కాదు. అమెరికాలోని కొనుగోలుదారుడికి ప్రకటన రాయాలంటే అక్కడి మార్కెట్ ఒంటబట్టినవారే కావాలంటారు, అందులో తప్పు కూడా లేదు. మన మార్కెట్‌కు అమ్ముతూ, బృందాలను రిమోట్‌గా నడిపే హైదరాబాదు, బెంగళూరు కంపెనీలు ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో అడుగు పెట్టాలనుకునే విద్యాసంస్థల యాప్‌లు, ఆర్థిక సేవల కంపెనీలు, ఇళ్ల నిర్మాణ సామగ్రి బ్రాండ్లు, వీటన్నింటికీ తెలుగు వినియోగదారుడు ఎప్పుడు కొంటాడో, ఎప్పుడు కొనడో తెలిసిన మేనేజరు కావాలి. ఆషాఢంలో బుకింగులు ఎందుకు పడిపోతాయో ఢిల్లీలో కూర్చున్న బాసుకు ముందుగానే చెప్పి, ఆ నెల బడ్జెట్‌ను శ్రావణానికి జరిపించగల మనిషికి విలువ ఉంటుంది. మీకు ఆ జ్ఞానం ఉండే ఉంటుంది.

వేళల సంగతి కూడా ఆలోచించుకోండి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, నవంబరు నుంచి మార్చి దాకా రాత్రి 7.30. మీటింగులు ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఇంట్లో రోగిని చూసుకుంటూ అది ఎన్నాళ్లు సాగుతుంది? దుబాయ్ మనకన్నా గంటన్నర వెనుక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. ఆ రెండు చోట్లా గడియారాలు మార్చడం కూడా లేదు. విదేశమే కావాలనుకుంటే అటు చూడండి.

సీతమ్మధార వాసి

అందరికీ ధన్యవాదాలు. టెలిగ్రామ్ ఆఫర్‌ను బ్లాక్ చేశాను. గ్రూప్ పాలసీ గురించి లెక్కల మనిషి గారు చెప్పింది నాకు అసలు తట్టని విషయం. అత్తగారు ఆ పాలసీలోనే ఉన్నారు. హెచ్‌ఆర్‌ను మాటల్లో మాటగా వివరాలు అడుగుతాను.

మురళీనగర్ గారూ, మీరు అన్నట్లే నా రెజ్యూమేలో ఎన్నారై ప్రచారం రెండవ పేజీలో ఉంది. ఒక నిర్ణయం గురించి రాసి చూశాను, దయచేసి ఎలా ఉందో చెప్పండి: ‘డిజిటల్ లీడ్ జనరేషన్ బాధ్యతలు నిర్వహించాను. లీడ్ ఫారంను ఆప్టిమైజ్ చేసి నాణ్యమైన లీడ్లు సాధించాను.’

దీని వెనుక జరిగింది ఇది. ఫేస్‌బుక్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు మాత్రమే అడిగేవాళ్లం. లీడ్లు, అంటే ఆసక్తి ఉందని ఫారం నింపినవారి వివరాలు, కుప్పలుగా వచ్చేవి, కానీ టెలికాలర్లు ఫోన్ చేస్తే సగం మంది ‘నేనెప్పుడు అడిగాను’ అనేవారు. నేను బడ్జెట్ ఎంత, బ్యాంకు లోను తీసుకుంటారా, ఎప్పటిలోగా కొనాలనుకుంటున్నారు అన్న మూడు ప్రశ్నలు చేర్పించాను. లీడ్ల సంఖ్య పడిపోయి, ఒక్కో లీడ్ ఖర్చు దాదాపు రెట్టింపయ్యేసరికి మా ఎండీ గారు పాత ఫారమే పెట్టమన్నారు. ఒక నెల గడువు అడిగి, ఒక్కో సైట్ విజిట్‌కు ఎంత ఖర్చవుతోందో లెక్క కట్టి చూపించాను. ఆ లెక్కలో ఖర్చు తగ్గింది, బుకింగులు తగ్గలేదు. ఆ తర్వాత ఫారం అలాగే కొనసాగింది. ఇదంతా రెజ్యూమేలో ఎలా పట్టిస్తారు?

జవాబు: మురళీనగర్ నుంచి

మీరు రాసిన రెండు పంక్తుల్లో ఏమీ లేదు. వాటి కింద ఇక్కడ వివరించిన పేరాలో అంతా ఉంది. దాన్నే కుదించండి: ‘లీడ్ ఫారంలో బడ్జెట్, లోను, కొనుగోలు గడువులపై మూడు ప్రశ్నలు చేర్చాను. ఒక్కో లీడ్ ఖర్చు దాదాపు రెట్టింపైనా, ఒక్కో సైట్ విజిట్ ఖర్చు ఇంత నుంచి ఇంతకు తగ్గింది. బుకింగులు తగ్గలేదు. పాత ఫారంకు తిరిగి వెళ్లాలన్న ప్రతిపాదనపై ఒక నెల లెక్కలతో యాజమాన్యాన్ని ఒప్పించాను.’ ఇంత, ఇంత అన్న చోట అసలు అంకెలు పెట్టండి. సంస్థ రహస్యమనుకుంటే రూపాయలు వదిలేసి శాతాలు రాయండి. ఇంటర్వ్యూలో దీని మీదే అరగంట నడుస్తుంది, ఆ అరగంట మీకు అనుకూలమైన చోట నడుస్తుంది.

ఎండీ వద్దన్నప్పుడు మీరు ఏం చేశారన్నది మరీ ముఖ్యం. ఆఫీసులో అయితే క్యాబిన్‌లోకి వెళ్లి ఒప్పించవచ్చు. రిమోట్‌లో ఆ పని ఒక పేజీ పత్రంతో జరగాలి. అందుకే ఈ ఉదంతాన్ని ఒక పేజీ కేస్ స్టడీగా విడిగా రాసుకోండి. సమస్య, ముందున్న దారులు, ఎంచుకున్నది, వచ్చిన ఫలితం, ఇంకా తేలని సంగతి. ఎన్నారై ప్రచారం మీద మరొకటి. వీటిని దరఖాస్తుతో జత చేస్తే, మీరు రాతలో ఎలా ఆలోచిస్తారో ఎంపిక చేసేవారికి ముందే తెలిసిపోతుంది. రాసిన ఇంగ్లీషు సాదాగా, తప్పుల్లేకుండా ఉంటే చాలు. ఏఐతో రాయించిన పేజీలు ఇప్పుడు మా దగ్గరకు రోజూ వస్తున్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. అందులో ఎండీ గారి మాట, టెలికాలర్ల గోడు ఉండవు.

మూడు నెలల ప్రణాళిక రాయమని, ఒక ప్రచారానికి బడ్జెట్ వేయమని అసైన్‌మెంట్ ఇస్తారు. కొన్ని గంటల పని అయితే చేయండి. పూర్తి స్థాయి వ్యూహపత్రం, ప్రకటనల రాతలు, కీవర్డ్ జాబితాలతో సహా ఉచితంగా అడిగితే, రూపురేఖ మాత్రం ఇచ్చి, మిగతాది రుసుముకు చేస్తానని మర్యాదగా చెప్పండి. నిజంగా తీసుకోవాలనుకునేవారు దానికి నొచ్చుకోరు.

పెందుర్తి గారి మాటతో నాకు సగం అంగీకారమే. అమెరికా కొనుగోలుదారుడికి అమ్మే పోస్టు కష్టమన్నది నిజం. కానీ ఈమె అమెరికాలోని మనవాళ్లకు అమ్మారు. విదేశాల్లోని తెలుగువారే వినియోగదారులైన డబ్బు పంపే సేవలు, ఆస్తుల నిర్వహణ సేవలు, ఆన్‌లైన్ తరగతుల కంపెనీలు కూడా జాబితాలో ఉండాలి.

జవాబు: లాసన్స్ బే

ఆచరణలో ఎదురయ్యే ఒక విషయం ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నన్ను ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నల్లో ఒకటి: మీ ఊరికి తుపాన్లు వస్తాయి కదా, కరెంటు పోతే పని ఎలా నడుస్తుంది అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేకపోవడం అందరికీ గుర్తే. అది ఏటా జరిగేది కాకపోయినా, సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు, ఒకటి ఫైబర్, ఒకటి మొబైల్. రౌటరుకూ లాప్‌టాప్‌కూ సరిపడే ఇన్వర్టర్. తుపాను హెచ్చరిక వస్తే షెడ్యూల్ చేయవలసిన ప్రచారాలను ముందు రోజే పెట్టేసి, యాడ్ అకౌంట్ యాక్సెస్ మరొకరికి కూడా ఉండేలా చూడడం. నేను ఈ మూడూ చెప్పాను. వారు రాసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

సీతమ్మధార వాసి

లాసన్స్ బే గారూ, యాడ్ అకౌంట్ మాట ఎత్తారు కాబట్టి ఒక్క సందేహం. ప్రస్తుత సంస్థ యాడ్ అకౌంట్లోని స్క్రీన్‌షాట్లను కేస్ స్టడీలో వాడవచ్చా?

జవాబు: లెక్కల మనిషి

వాడకండి. ఆ డేటా సంస్థది, మీ నియామక పత్రంలో గోప్యత షరతు ఉండే అవకాశమే ఎక్కువ. శాతాలు, ధోరణి చూపే గ్రాఫు మీరే కొత్తగా గీసి పెట్టండి. కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఏ రూపంలోనూ కనబడకూడదు. సంస్థ పేరు రెజ్యూమేలో ఎలాగూ ఉంటుంది కాబట్టి, కేస్ స్టడీలో ‘విశాఖలోని ఒక లేఅవుట్ సంస్థ’ అంటే చాలు.